కారు ఈసీఎంను గుర్తుపట్టడం: విజయవాడ, గుంటూరు కారు యజమానులూ ఆటో ఎలక్ట్రీషియన్లూ తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజిన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ డబ్బా, అంటే ఇంజిన్ కంట్రోల్ మాడ్యూల్ (ఈసీఎం), పాడైందని ఎవరో చెప్పగానే ఆటోనగర్ వెళ్లి మరోటి కొనేయడం, అది కుదరక మళ్లీ తిరగడం ఇక్కడ రోజూ కనిపించే సంగతే. ముందు ఉన్న డబ్బా ఏదో, దాని అసలు నంబరేదో, అది నిజంగానే చచ్చిందో లేదో తేల్చుకుంటే ఆ ఖర్చులో చాలా భాగం మిగులుతుంది. ప్రశ్నలను పని జరిగే వరుసలోనే పెట్టాం.

ఈసీఎం, ఈసీయూ, పీసీఎం, బీసీఎం... ఇవన్నీ ఒకటేనా?

కాదు. ఈసీయూ అన్నది కారులోని ఏ ఎలక్ట్రానిక్ డబ్బాకైనా చెల్లే పేరు. మన మెకానిక్‌లు మాత్రం ఇంజిన్ డబ్బానే ఈసీయూ అంటారు, కాబట్టి మాటల్లో ఇబ్బంది లేదు. కొనేటప్పుడే ఇబ్బంది వస్తుంది. ఈసీఎం అంటే ఇంజిన్‌ను నడిపేది: ఇంజెక్టర్లు, ఇగ్నిషన్ కాయిల్స్, థ్రాటిల్, ఫ్యూయల్ పంపు రిలే దీని చేతిలో ఉంటాయి. ఇంజిన్, గేర్‌బాక్స్ రెండింటినీ ఒకే డబ్బా నడిపితే దాన్ని పీసీఎం అంటారు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు విడిగా ఉండేది టీసీఎం. బీసీఎం లైట్లు, వైపర్లు, సెంట్రల్ లాక్ చూసుకుంటుంది, చాలా కార్లలో తాళం గుర్తింపు కూడా దాని పనే. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, పవర్ స్టీరింగ్‌లకు వేర్వేరు డబ్బాలు ఉంటాయి.

నా కారులో ఈసీఎం ఎక్కడ ఉంటుంది?

వెతకాల్సిన చోట్లు నాలుగు. బానెట్ కింద బ్యాటరీ పక్కన గానీ ఎయిర్ ఫిల్టర్ డబ్బా పక్కన గానీ, గ్లవ్ బాక్స్ వెనక, ముందు సీటు ప్యాసింజరు కాళ్ల దగ్గర పక్క ప్యానెల్ లోపల, వైపర్ల కింద ఉండే ప్లాస్టిక్ కవరు లోపల. కొన్ని ఫోక్స్‌వ్యాగన్ కార్లలో ఈ చివరి చోటే ఉంటుంది. అక్కడ ఆకులు పేరుకుని నీటి దారి మూసుకుపోతే డబ్బా వాన నీళ్లలో నానుతుంది, కాబట్టి జూన్ రాకముందే ఆ తొట్టి శుభ్రం చేయించండి.

కొన్ని డీజిల్ ఇంజిన్లలో ఈసీఎంను ఇంజిన్‌కే బిగిస్తారు. వెతికే సులువైన పద్ధతి వైరింగ్‌ను పట్టుకుని వెళ్లడం. ఇంజెక్టర్ల దగ్గర నుంచి వచ్చే వైర్లు, క్రాంక్ సెన్సర్ వైర్లు, థ్రాటిల్ వైర్లు అన్నీ కలిసి లావు కట్టగా మారి ఒక డబ్బాలోకి వెళ్తాయి. ఆ కట్ట ఆగిన చోటే ఈసీఎం.

బానెట్ తెరిస్తే రెండు మూడు డబ్బాలు కనిపిస్తున్నాయి. ఇంజిన్‌ది ఏది?

వైర్ల కట్ట డబ్బాకు తగిలే కప్లర్లు చూడండి. ఈసీఎంకు లివర్‌తో లాక్ అయ్యే పెద్ద కప్లర్లు ఒకటో రెండో ఉంటాయి, పిన్నులు ఎక్కువ. బాష్ డీజిల్ డబ్బాల్లో 94, 60 పిన్నులుగా రెండు కప్లర్లు కలిపి 154 పిన్నుల అమరిక బాగా కనిపిస్తుంది. డబ్బా అల్యూమినియంతో, వేడి పోయేలా గీతలతో ఉంటుంది.

బ్రేక్ ఆయిల్ పైపులు దూరిన అల్యూమినియం దిమ్మ ఏబీఎస్‌ది. డీజిల్ కార్లలో లావు ఎర్ర వైరు, కొన్ని వైర్లు మాత్రమే ఉన్న చిన్న డబ్బా గ్లో ప్లగ్ కంట్రోలర్. మూత తీస్తే ఫ్యూజులు, రిలేలు కనిపించేది ఫ్యూజ్ బాక్స్.

నా కారుకు సీఎన్‌జీ కిట్ ఉంది. గందరగోళంగా ఉంది, ఏం చేయాలి?

బయట బిగించిన కిట్ అయితే గ్యాస్‌కు విడిగా ఒక ఈసీయూ ఉంటుంది. అది పెట్రోల్ ఈసీఎం ఇంజెక్టర్లకు ఇచ్చే సంకేతాన్ని మధ్యలో పట్టుకుని, దాన్ని లెక్కగట్టి గ్యాస్ ఇంజెక్టర్లను తెరుస్తుంది. దాని మీద కిట్ కంపెనీ పేరు ఉంటుంది, కారు కంపెనీ పేరు ఉండదు. అసలు వైరింగ్‌ను కోసి టేపు చుట్టి కలిపిన జాయింట్లు దాని దగ్గరే కనిపిస్తాయి.

పెట్రోల్‌లో బాగా నడిచి గ్యాస్‌లో మాత్రమే ఆగిపోతుంటే పెట్రోల్ ఈసీఎంను అనుమానించక్కర్లేదు. రెండింటిలోనూ ఆగిపోతుంటే ముందుగా ఆ టేపు జాయింట్లు విప్పి చూడండి. విజయవాడ వేడికి టేపు జిగురు కరిగి జారిపోతుంది, లోపల రాగి పచ్చబడుతుంది. జాయింట్‌ను సోల్డర్ చేసి హీట్ ష్రింక్ గొట్టం తొడిగితే ఆ బాధ పోతుంది. మారుతీ ఎస్-సీఎన్‌జీ లాంటి కంపెనీ అమరికలో ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు ఈసీయూలు ఉంటాయి. వాటిలో ఏది మార్చాలన్నా ఛాసిస్ నంబరుతో పార్టు నంబరు తేల్చుకోవాలి.

లేబుల్ మీద బోలెడు నంబర్లు ఉన్నాయి. ఏది అసలు నంబరు?

సాధారణంగా మూడు రకాలు ఉంటాయి, మూడూ కావాలి.

మొదటిది కారు కంపెనీ పార్టు నంబరు. దీని మొదటి అంకెలు చూస్తేనే ఇది ఇంజిన్ డబ్బా అవునో కాదో తెలిసిపోతుంది. సుజుకీలో 33920తో, హోండాలో 37820తో, నిస్సాన్‌లో 23710తో, టయోటాలో తరచుగా 89661తో మొదలవుతుంది. హ్యుందాయ్, కియాలలో 391తో మొదలయ్యే నంబరు చూడండి. ఫోర్డ్‌లో మధ్య భాగం 12ఏ650. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలలో మధ్యలో 906 గానీ 907 గానీ ఉంటుంది. ఆ తర్వాత వచ్చే అంకెలూ అక్షరాలూ ఏ ఇంజిన్, ఏ మోడల్, ఎన్నో సవరణ అన్నది చెప్తాయి. చివరి ఒక్క అక్షరం తేడా ఉన్నా అది మరో సవరణే. ‘ఒక్క అక్షరమే కదా’ అని తీసుకున్న డబ్బాలే ఎక్కువగా వెనక్కి వస్తాయి.

రెండోది డబ్బా తయారుచేసిన కంపెనీ హార్డ్‌వేర్ నంబరు. బాష్ అయితే పది అంకెలు: 0 281తో మొదలైతే డీజిల్ ఈసీఎం, 0 261తో మొదలైతే పెట్రోల్ ఈసీఎం. పెట్రోల్ కారుకు డీజిల్ డబ్బా అంటగట్టకుండా ఈ నాలుగు అంకెలు చాలు. డెన్సో, డెల్ఫీ, కాంటినెంటల్, మాగ్నెటీ మరెల్లీ డబ్బాలకు వాటి పద్ధతులు వాటికి ఉన్నాయి. బాష్ లేబుల్‌లో ఈడీసీ16, ఈడీసీ17 లాంటి కుటుంబం పేరు కూడా దొరకవచ్చు. ఈడీసీ అంటే డీజిల్. ఎంఈ, ఎంఈడీ అంటే పెట్రోల్.

మూడోది సాఫ్ట్‌వేర్ నంబరు. బాష్‌లో ఇది 1037తో మొదలవడం మామూలు. హార్డ్‌వేర్ ఒకటే అయినా సాఫ్ట్‌వేర్ వేరైతే ఇంజిన్ పవర్, గేర్‌బాక్స్, ఉద్గార ప్రమాణం వేరు కావచ్చు.

లేబుల్‌ను ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ వేయకండి, వెలుగు తిరిగి కొట్టి అంకెలు కనబడవు. పక్క నుంచి టార్చి వేసి, 8కీ బీకీ, 0కీ డీకీ తేడా తెలిసేలా దగ్గరగా రెండు ఫోటోలు తీయండి.

కారు పేరు, సంవత్సరం చెప్తే చాలదా? రిజిస్ట్రేషన్ నంబరు ఇస్తే?

చాలదు. 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ ఇంజిన్‌నే చూడండి. మారుతీ స్విఫ్ట్, టాటా ఇండికా విస్టా, ఫియట్ పుంటో, షెవర్లే సెయిల్, అన్నిటిలోనూ మూలంలో ఒకే ఇంజిన్. అయినా ఒకదాని ఈసీఎం తెచ్చి మరోదానికి తగిలిస్తే కారు స్టార్ట్ కాదు. వైరింగ్ వేరు, తాళం వ్యవస్థ వేరు, సాఫ్ట్‌వేర్ వేరు. ఒకే స్విఫ్ట్‌లో కూడా బీఎస్-3, బీఎస్-4 ఉద్గార ప్రమాణాల కార్ల డబ్బాలు ఒకటి కావు.

ఏపీ16 అంటే కృష్ణా, ఏపీ07 అంటే గుంటూరు అని మాత్రమే పాత నంబర్లు చెప్పేవి. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ39 వరుస వచ్చాక అదీ తెలియదు. ఆర్సీలో పనికొచ్చేవి మూడు: 17 అక్షరాల ఛాసిస్ నంబరు, తయారైన నెలా సంవత్సరం, ఇంధనమూ ఉద్గార ప్రమాణమూ. రిజిస్ట్రేషన్ తేదీని తయారీ తేదీగా తీసుకోవద్దు, మధ్యలో నెలల తేడా ఉండొచ్చు.

ఛాసిస్ నంబరులో మొదటి మూడు అక్షరాలు తయారీదారుడివి. ఎంఏ3 మారుతీ సుజుకీ, ఎంఏఎల్ హ్యుందాయ్, ఎంఏటీ టాటా, ఎంఏ1 మహీంద్రా, ఎంఏకే హోండా, ఎంబీజే టయోటా. మన పెనుకొండలో తయారయ్యే కియాకు ఎంజెడ్‌బీ. ఈ నంబరులో ఐ, ఓ, క్యూ అక్షరాలు రావు. అలా కనిపిస్తే అది 1 గానీ 0 గానీ అయి ఉంటుంది. డీలరు పార్ట్స్ కౌంటరులో ఛాసిస్ నంబరు మొత్తం ఇస్తే ఆ కారుకు సరిపోయే ఈసీఎం నంబరు, దాని బదులు వచ్చిన కొత్త నంబరు రెండూ చెప్తారు. పార్టు అక్కడ కొనకపోయినా ఈ ఒక్క పని అక్కడే చేయించుకోండి.

లేబుల్ చిరిగిపోయింది, లేదా డబ్బా చేతికి అందని చోట ఉంది. నంబరు ఎలా తెలుస్తుంది?

స్కానర్‌తో ఈసీఎంనే అడగాలి. స్టీరింగ్ కింద, బానెట్ తెరిచే లివర్ పరిసరాల్లో 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి స్కానర్ తగిలించండి. ఓబీడీ-2 (కారు తన దోషాలను స్కానర్‌కు చెప్పే ప్రామాణిక పద్ధతి) పాటించే కార్లలో మోడ్ 09 అనే విభాగం ఉంటుంది. యాప్‌లలో దీన్ని వాహన సమాచారం అని చూపిస్తారు. అందులో 02వ అంశం ఛాసిస్ నంబరు, 04వది క్యాలిబ్రేషన్ ఐడీ, 06వది సీవీఎన్, 0ఏ అన్నది డబ్బా పేరు.

క్యాలిబ్రేషన్ ఐడీ అంటే లోపల నడుస్తున్న సాఫ్ట్‌వేర్ పేరు. సీవీఎన్ ఆ సాఫ్ట్‌వేర్ మీద లెక్కగట్టిన ఎనిమిది అక్షరాల మొత్తం. ఐడీ అదే ఉండి సీవీఎన్ మాత్రం అదే మోడల్ మరో కారుతో కలవకపోతే, ఎవరో లోపలి ఫైలును మార్చారని అనుకోవచ్చు. పికప్ పెంచామని, పొగ ఫిల్టర్ తీసేశామని చేసిన మార్పులు ఇలాగే బయటపడతాయి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకు ఇది రెండు నిమిషాల పరీక్ష.

ఈసీఎంలోని ఛాసిస్ నంబరు, ఆర్సీలోది, కారు బాడీ మీద కొట్టింది మూడూ ఒకటే ఉండాలి. కలవకపోతే డబ్బా ఎప్పుడో మారిందన్నమాట. బిల్లు అడగండి. మోసమని అప్పుడే అనేయకండి, రిపేరులో మార్చి ఛాసిస్ నంబరు రాయకుండా వదిలేసిన కేసులూ ఉంటాయి.

మన దేశంలో బీఎస్-4 కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. అంతకుముందు కార్లలో 16 పిన్నుల సాకెట్ ఉన్నా మోడ్ 09 జవాబు రాకపోవచ్చు. వాటికి ఆ కంపెనీ ప్రోటోకాల్ తెలిసిన స్కానర్ కావాలి.

ఏ స్కానర్ కొనాలి? ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ డాంగిల్ పనికొస్తుందా?

సొంత కారు దోషాల కోడ్లు చదవడానికి, ఛాసిస్ నంబరూ క్యాలిబ్రేషన్ ఐడీ చూడటానికి ఈఎల్‌ఎం327 రకం డాంగిల్ చాలు. కాకపోతే నకళ్లు ఎక్కువ. కొన్నింటికి పొడవాటి జవాబులు పూర్తిగా చదవడం రాదు, 17 అక్షరాల నంబరు సగంలో తెగుతుంది. అలాంటిది ఇంజిన్ ఆపాక సాకెట్‌లోనే వదిలేస్తే బ్యాటరీని కూడా తాగుతుంది.

ఈసీఎం హార్డ్‌వేర్ నంబరు, స్పేర్ పార్టు నంబరు, సీరియల్ నంబరు చదవాలంటే కంపెనీ మెనూ ఉన్న స్కానర్ కావాలి. లాంచ్, ఆటెల్, బాష్ కేటీఎస్ లాంటివి ఆ కోవలోవి. వాటిలో ఇంజిన్ విభాగంలోకి వెళ్లి ‘ఈసీయూ సమాచారం’ తెరిస్తే ఈ నంబర్లు వస్తాయి. ఒక్కసారి ఫోటో తీసి ఉంచుకోండి. డబ్బా నిజంగా చచ్చిన రోజున చదవడానికి వీలుండదు కాబట్టి, కారు బాగున్నప్పుడు తీసిన ఆ ఫోటోనే ఆధారం.

స్కానర్ ఈసీఎంతో మాట్లాడటం లేదు. డబ్బా పోయినట్టేనా?

అప్పుడే కాదు. ముందు సాకెట్‌నే మల్టీమీటర్‌తో చూడండి. 16వ పిన్నుకు బ్యాటరీ వోల్టేజి రావాలి, 4, 5 పిన్నులు ఎర్త్. 16లో ఏమీ లేకపోతే చాలాసార్లు కారణం సిగరెట్ లైటర్ ఫ్యూజే. కొన్ని కార్లలో రెండింటికీ ఒకే ఫ్యూజు, చవక మొబైల్ చార్జర్ దాన్ని కాల్చేస్తుంది.

తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసి 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి. ఇవి క్యాన్ లైన్లు, కారులోని డబ్బాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్లు. 60 ఓమ్స్ చుట్టూ ఉంటే లైను బాగుంది. 120 వస్తే ఒక చివర ఊడింది, లేదా ఒక డబ్బా లైనుకు కలవడం లేదు. సున్నాకు దగ్గరగా ఉంటే రెండు వైర్లూ ఎక్కడో కలిసిపోయాయి. సాకెట్‌కూ మిగతా డబ్బాలకూ మధ్య గేట్‌వే మాడ్యూల్ ఉన్న కార్లలో సాకెట్ దగ్గర చూపే విలువ ఇంజిన్ లైనుది కాకపోవచ్చు, అప్పుడు కొలత ఈసీఎం కప్లర్ దగ్గరే తీయాలి. పాత కార్లలో మాటంతా 7వ పిన్ను మీదే నడుస్తుంది, దాన్ని కే-లైన్ అంటారు. తాళం ఆన్‌లో అక్కడ బ్యాటరీ వోల్టేజికి దగ్గరగా కనిపించాలి.

మిగతా డబ్బాలు జవాబిచ్చి ఇంజిన్ ఒక్కటే ఇవ్వకపోతే, వాటిలో యు0100 కోడ్ పడుతుంది. అంటే ఈసీఎంతో మాట తెగింది. ఎందుకు తెగిందన్నది ఆ కోడ్ చెప్పదు.

ఈసీఎం పోయిందని తేల్చే ముందు ఏమేం చూడాలి?

కరెంటు, ఎర్త్, 5 వోల్టులు. ఈ మూడూ చూడకుండా డబ్బా విప్పడం వృథా. పోయిందని వచ్చే డబ్బాల్లో మంచివే చాలా ఉంటాయి.

మొదట బ్యాటరీ. నిండుగా ఉంటే 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే ముందు బ్యాటరీ సంగతి చూడండి. తక్కువ వోల్టేజిలో ఈసీఎం రీసెట్ అయి, స్టార్ట్ కాని కారు ఈసీఎం దోషంలా నటిస్తుంది.

తర్వాత తాళం ఆన్ చేసి చెక్ ఇంజిన్ లైట్ చూడండి. లైట్ వెలిగి, పెట్రోల్ పంపు రెండు మూడు సెకన్లు గుయ్‌మంటే డబ్బాకు కరెంటు అందుతోంది, లోపలి ప్రాసెసర్ కదులుతోంది. లైటే రాకపోతే ఫ్యూజు, మెయిన్ రిలే (ఈసీఎంకు కరెంటు కలిపే స్విచ్చు), ఎర్త్ ఈ వరుసలో వెళ్లండి.

కప్లర్ దగ్గర కొలిచేటప్పుడు ఉత్త మల్టీమీటర్‌ను నమ్మవద్దు. ఒకే పోగు మీద వేలాడుతున్న వైరు కూడా 12 వోల్టులే చూపిస్తుంది. కప్లర్ ఊడదీసి, వైరింగ్ డయాగ్రామ్‌లో కరెంటు పిన్నుగా ఉన్నదానికి 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెట్టండి, నిండుగా వెలగాలి. ఒక మెలిక గుర్తుంచుకోండి: చాలా కార్లలో మెయిన్ రిలేను లాగేది ఈసీఎంయే. కప్లర్ తీసేశాక ఆ రిలే నుంచి వచ్చే పిన్నులో కరెంటు ఉండదు. అది వైరు తెగడం కాదు. ఆ పిన్ను చూడాలంటే రిలే తీసి దాని కరెంటు కాళ్ల మధ్య ఫ్యూజు ఉన్న వైరుతో కలపాలి.

ఎర్త్‌ను ఓమ్స్‌లో కాకుండా వోల్టుల్లో చూడండి. కప్లర్ పెట్టే ఉంచి, ఇంజిన్ తిరుగుతుండగా (స్టార్ట్ కాకపోతే సెల్ఫ్ కొడుతూ) ఎర్త్ పిన్ను వెనక నుంచి బ్యాటరీ నెగటివ్‌కు మీటరు పెడితే 0.1 వోల్టు దాటకూడదు. దాటితే ఎర్త్ బోల్టు విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించండి.

ఇక 5 వోల్టుల రిఫరెన్స్. థ్రాటిల్, మ్యాప్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి), రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు వెళ్లే ఇంధనం ఒత్తిడి) లాంటి సెన్సర్లకు ఈసీఎం 5 వోల్టులు పంపుతుంది. 4.8 నుంచి 5.2 మధ్య ఉంటే సరే. సున్నా చూపిస్తే ఒక సెన్సర్ లోపల షార్ట్ అయి మొత్తాన్ని కిందికి లాగుతుండొచ్చు. సెన్సర్ల కప్లర్లు ఒక్కొక్కటే తీస్తూ మీటరు చూడండి. ఏది తీయగానే 5 వోల్టులు తిరిగొస్తాయో అదే దొంగ. అన్నీ తీసినా రాకపోతే వైరు బాడీకి తగులుతోందేమో చూసి, అదీ కాకపోతేనే డబ్బాను అనుమానించండి.

ఎలుకల సంగతి కూడా చెప్పాలి. రాత్రిళ్లు బయట నిలిపే కార్లలో బానెట్ కింద వైర్లు కొరకడం ఇక్కడ మామూలే. ఇంజెక్టర్ వైరు ఒక్కటి తెగినా లక్షణాలు ఈసీఎం పోయినట్టే ఉంటాయి. డీజిల్ కార్లలో ఆ వైర్లను ఇంజిన్ నడుస్తుండగా ముట్టుకోకండి, టెస్ట్ లాంప్ పెట్టకండి. మామూలు కాయిల్ ఇంజెక్టర్లకే 65 నుంచి 80 వోల్టుల దాకా వెళ్తుంది, పీజో రకానికి ఇంకా ఎక్కువ.

ఏ కోడ్లు వస్తే డబ్బానే అనుమానించాలి?

పి0601 మెమరీ లెక్క తప్పడం, పి0604 తాత్కాలిక మెమరీ, పి0605 శాశ్వత మెమరీ, పి0606 ప్రాసెసర్. బ్యాటరీ సరిచేసి, కోడ్లు చెరిపి, మళ్లీ నడిపాక కూడా ఇవి తిరిగొస్తే అనుమానం గట్టిది. పి0562 వోల్టేజి తక్కువ, పి0641 ఐదు వోల్టుల లైను, పి0685 మెయిన్ రిలే లైను. ఈ మూడూ బయటి దోషాలే ఎక్కువ.

విప్పేటప్పుడు జాగ్రత్తలు?

తాళం తీశాక ఐదు నిమిషాలు ఆగండి. ఆపిన తర్వాత కూడా ఈసీఎం కాసేపు మేలుకునే ఉండి నేర్చుకున్న విలువలు రాసుకుంటుంది. తర్వాత బ్యాటరీ నెగటివ్, ఆపైన కప్లర్ లివర్. వైర్లు పట్టుకుని లాగవద్దు. పిన్నులను చేత్తో తాకవద్దు, ముందు బాడీ ఇనుమును ఒకసారి తాకండి.

ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ ఈసీఎం కొనాలి. మోసపోకుండా ఏం చూడాలి?

పాతది చేతిలో పట్టుకుని వెళ్లండి. ఫోను ఫోటో కంటే డబ్బా మేలు. పార్టు నంబరు, హార్డ్‌వేర్ నంబరు చివరి అక్షరం దాకా పక్కపక్కన పెట్టి చూడండి. లేబుల్ కొత్తగా మెరుస్తూ డబ్బా మాత్రం పాతగా ఉంటే, అంచులు లేస్తుంటే, అది మరో డబ్బా నుంచి ఊడదీసి అంటించిన స్టిక్కరు కావచ్చు. కొనే ముందు బెంచ్ మీద కరెంటిచ్చి స్కానర్‌తో చదివించి లోపలి నంబరు బయటి నంబరుతో కలుస్తోందా చూడండి. బెంచ్ మీద 13.5 వోల్టులిచ్చినప్పుడు ఇంజెక్టర్ల భారం లేని డబ్బా సాధారణంగా ఒక ఆంపియర్ లోపే తీసుకుంటుంది. రెండు మూడు ఆంపియర్లు లాగి వేడెక్కుతుంటే లోపల షార్ట్ ఉన్నట్టే.

మూత అంచుల్లో సీలెంట్ చూడండి. కంపెనీది సన్నగా ఒకే గీతలా ఉంటుంది. పొంగి, వేలితో రాసినట్టుంటే ఎవరో తెరిచారు. తెరిచినంత మాత్రాన చెడ్డది కాదు గానీ, ఎందుకు తెరిచారో అడగాలి, ధర కూడా దానికి తగ్గట్టే ఉండాలి. పిన్నుల్లో వంగినవి, పచ్చబడినవి లెక్కపెట్టండి.

ఏ కారు నుంచి తీశారో దాని ఛాసిస్ నంబరు రాసిన బిల్లు అడగండి. ఇవ్వనంటే ఆ కొట్టు వదిలేయండి. దొంగ కారు నుంచి వచ్చిన డబ్బాలో ఆ కారు ఛాసిస్ నంబరు ఉంటుంది, రేపు స్కానర్ పెట్టినవాడికి అది మీ కారులో కనిపిస్తుంది. కారుకు తగిలించి చూసి, పనిచేయకపోతే తిరిగిచ్చే మాట కూడా బిల్లు మీదే రాయించుకోండి.

నంబరు అచ్చంగా అదే. అయినా స్టార్ట్ కావడం లేదు. ఎందుకు?

తాళం. ఇమ్మొబిలైజర్ (సరైన తాళం కాకపోతే ఇంజిన్‌ను నడవనివ్వని ఏర్పాటు) ఉన్న కార్లలో తాళంలోని చిప్, ఇమ్మొబిలైజర్ డబ్బా లేదా బీసీఎం, ఈసీఎం ఈ మూడింటికీ ఒకరి రహస్యం ఒకరికి తెలిసుండాలి. వేరే కారు డబ్బాకు మీ తాళం తెలియదు. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. లేదా అందుకుని రెండు సెకన్లలో ఆగిపోతుంది. మీటర్‌లో తాళం బొమ్మ మినుకుమినుకుమంటుంది.

దారులు మూడు. కంపెనీ స్కానర్‌తో కొత్త డబ్బాకు తాళాలు నేర్పించడం మొదటిది, దీనికి మీ దగ్గరున్న తాళాలన్నీ కావాలి, కొన్ని కార్లకు ఇమ్మొబిలైజర్ రహస్య పిన్ కోడ్ కూడా. రెండోది డబ్బా వచ్చిన ఆ వేరే కారు నుంచే ఈసీఎం, ఇమ్మొబిలైజర్, తాళం సెట్టుగా తెచ్చుకోవడం. మూడోది క్లోనింగ్: పాత డబ్బాలోని ఫ్లాష్ మెమరీ (సాఫ్ట్‌వేర్ ఉండే చిప్), ఈఈప్రామ్ (తాళం లాంటి ఆ కారు వివరాలు ఉండే చిప్) రెండూ చదివి కొత్తదాంట్లో రాయడం. హార్డ్‌వేర్ నంబరు అదే అయితే ఇదే అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి. తాళం, ఛాసిస్ నంబరు, ఇంజెక్టర్ కోడ్లు అన్నీ కలిసే వస్తాయి. పాతది నీళ్లలో మునిగి ప్రాసెసర్ చచ్చినా, ఈఈప్రామ్ చిప్ బతికుంటే దాన్ని ఊడదీసి చదవొచ్చు. అందుకే చచ్చిన డబ్బాను తూకానికి వేయకండి.

డీజిల్‌లో క్లోన్ చేయకుండా మార్చితే ప్రతి ఇంజెక్టర్ తల మీదున్న కోడును సిలిండర్ వరుసలో ఎక్కించాలి. ఎక్కించకపోతే ఇంజిన్ నడుస్తుంది కానీ ఐడిల్‌లో వణుకు, పొగ, టకటక శబ్దం ఉంటాయి.

వరదలో మునిగిన కారు. ఈసీఎం సంగతేంటి?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం ప్రాంతాల్లో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి కారును పొరపాటున కూడా తాళం తిప్పి చూడకండి. నీళ్లలో ఉన్నంతసేపూ డబ్బాకు జరిగిన నష్టం కంటే, తడిగా ఉన్నప్పుడు కరెంటు ఇవ్వడం వల్ల జరిగేదే ఎక్కువ. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. బీమా ఉంటే సర్వేయరు చూసేదాకా ఏదీ విప్పకుండా ఫోటోలు తీసి కంపెనీకి చెప్పండి.

ఆ తర్వాత డబ్బా విప్పి మూత తీసి, బురదను ముందు మంచినీళ్లతో, వీలైతే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ నీళ్లతో కడగాలి. తర్వాత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బ్రష్. ఫ్యాను గాలికి రెండు రోజులు ఆరాలి. నడి ఎండలో గానీ ఓవెన్‌లో గానీ పెట్టవద్దు. కప్లర్ లోపలి పిన్నులనూ అలాగే శుభ్రం చేయాలి, లేకపోతే మంచి డబ్బా పెట్టినా ఆరు నెలలకు పచ్చ తుప్పు మళ్లీ పడుతుంది.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఈసీఎం కప్లర్ ఒకటి తీయించి చూడండి. పిన్నుల మొదట్లో సన్నటి ఒండ్రు, బ్రాకెట్ బోల్టుల మీద తుప్పు, సీటు పట్టాల కింద మట్టి ఉంటే ఆ కారు మునిగిందే. సీట్లు ఎంత కడిగినా ఈ మూడూ మిగులుతాయి.

సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుండగా మధ్యలో ఆగిపోయి డబ్బా పనికిరాకుండా పోయిందంటారు. ఎలా తప్పించుకోవాలి?

వోల్టేజి పడటమే పెద్ద కారణం. ఫ్లాష్ చేసేటప్పుడు, అంటే సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు, రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరగొచ్చు, అది 20 ఆంపియర్లకు పైగా లాగగలదు. బ్యాటరీకి 13 నుంచి 14 వోల్టులు నిలకడగా ఇచ్చే సపోర్ట్ యూనిట్ పెట్టండి, 30 నుంచి 50 ఆంపియర్లు ఇవ్వగలిగినది. మామూలు బ్యాటరీ చార్జరు పనికిరాదు, దాని కరెంటులో అలలుంటాయి. కరెంటు పోయే సమయాలు ఉన్న చోట ఇన్వర్టర్ మీద నడపండి. ఏసీ, లైట్లు, మ్యూజిక్ ఆపండి, లాప్‌టాప్ నిద్రలోకి వెళ్లకుండా సెట్ చేయండి. అన్నిటికంటే ముందు ఉన్న ఫైలును చదివి భద్రపరచుకోండి. మధ్యలో ఆగిపోయిన డబ్బాల్లో చాలావాటిని బెంచ్ మీద బూట్ మోడ్‌లో (లోపలి ప్రాసెసర్‌తో నేరుగా మాట్లాడే పద్ధతిలో) బతికించవచ్చు, అయితే ఆ పాత ఫైలు ఉండాలి.

కారుకు వెల్డింగ్ చేయిస్తున్నాం. ఈసీఎం తీయాలా?

బ్యాటరీ నెగటివ్ తప్పకుండా తీయాలి. వెల్డింగ్ ఎర్త్ క్లిప్పును వెల్డ్ పడే చోటుకు జానెడు దూరంలో తగిలించాలి. వెల్డింగ్ డబ్బాకు దగ్గరగా పడుతుంటే కప్లర్లు కూడా తీసి డబ్బాను పక్కన పెట్టండి. ఎర్త్ క్లిప్పు కారు అటు చివర పెడితే వెల్డింగ్ కరెంటు ఈసీఎం ఎర్త్ వైర్ల గుండా దారి వెతుక్కుంటుంది. జంప్ స్టార్ట్ కేబుళ్లు తిరగేసి పెట్టడం కూడా అంతే ప్రమాదం. ప్లస్, మైనస్ గుర్తులు గ్రీజు కింద కనబడకపోతే తుడిచి చూశాకే తగిలించండి.